ఏం శ్రుతి అబ్బీ? - సంగీతంలో మొదటి మాటలు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని అడిగారు. అవుకు రిజర్వాయర్ గట్టు మీద సాయంత్రాలు, ఆదివారం బట్టలుతుకులు, నీళ్ళలాంటి సాంబారు, వార్డెన్ సార్ టార్చిలైటు - వీటి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళే బాగా రాస్తారు. మేము ముగ్గురం కలిసి ఒక పాఠం రాయాలనుకున్నాం. పేర్లెందుకు గానీ, వెనక గదిలో రేకు పెట్టెల వరుసలో చివరి మూడు పెట్టెలు మావి. వాటి మీద దరువేసి తిట్లు తిన్నదీ మేమే.

పాఠం ఎందుకంటే, ఒక సంగతి చెప్పాలి. ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఉదయం ప్రార్థన పాట మాదే. మా గొంతు గట్టు దాకా వినపడేదని వంట చేసే అక్క అనేది. తొమ్మిదో తరగతిలో మమ్మల్ని ఒక పాటల పోటీకి పంపారు. వేదిక మీద హార్మోనియం ముందు కూర్చున్న పెద్దాయన "ఏం శ్రుతి అబ్బీ?" అని అడిగాడు. ఆ మాట మేము అంతకుముందు వినలేదు. "ఏదైనా పర్వాలేదు సార్" అన్నాం. ముందు వరుస వాళ్ళు నవ్వారు. ఆయన ఏదో మెట్టు నొక్కాడు, మేము ఎత్తుకున్నాం. పల్లవి ఎట్లో గడిచింది. చరణంలో పైకి పోయేసరికి ముగ్గురి గొంతులూ మూడు ముక్కలైనాయి. ఈసారి వెనక వరుసలు కూడా నవ్వాయి.

ఆ రోజు నుంచి మాలో ఇద్దరం పాడటం మానేశాం. ఒకడైతే పెళ్ళయి పిల్లలు పుట్టాక గానీ మళ్ళీ నోరు విప్పలేదు. పెద్దయ్యాక, సంగీతం నేర్పే ఒక మాస్టారు దగ్గర కూర్చున్నప్పుడు మాకు విషయం అర్థమైంది. మా గొంతుకు ఏ జబ్బూ రాలేదు. వయసుతో పాటు మా శ్రుతి మారింది, మేము పాత శ్రుతిలో పాడబోయాం, అంతే. ఒక్క మాటకు అర్థం తెలియక అన్నేళ్ళు పోయాయి. మీకు అట్లా పోకూడదని ఈ పాఠం.

సంగీతం మనకెందుకులే, అది పుట్టుకతో రావాలి అనేవాళ్ళు మన గదుల్లోనే ఉంటారు. వాళ్ళకు మన ప్రాంతపు కథే ఒకటి చెప్తాం. 16వ శతాబ్దంలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ రాసి నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. అందులో నారదుడు తుంబురుడి పాట విని అసూయపడతాడు. అసూయపడి ఊరుకోడు, ద్వారకకు వచ్చి శ్రీకృష్ణుని భార్యల దగ్గర శిష్యుడుగా చేరి ఏళ్ళ తరబడి సంగీతం నేర్చుకుంటాడు. నారదుడంతటివాడు మొదటినుంచి మొదలుపెట్టి నేర్చుకున్నాడు. అదీ ఆడవాళ్ళ దగ్గర!

నాదం

రెండు శబ్దాలు తలుచుకోండి. ఒకటి, అన్నానికి పిలవడానికి కొట్టే రైలు పట్టా ముక్క. రెండోది, తెల్లవారుజామున ఎవడో తన రేకు పెట్టెను నేల మీద ఈడ్చే శబ్దం. పట్టా ముక్క మోగినాక ఆ మోత కాసేపు గాలిలో నిలుస్తుంది. దానితో పాటు "మ్..." అని గొంతు కలపవచ్చు. పెట్టె ఈడ్చిన శబ్దంతో గొంతు కలపలేరు, పళ్ళు నూరగలరు. వస్తువు ఒక క్రమంలో కంపిస్తే వచ్చేది నాదం. క్రమం లేకుండా కంపిస్తే వట్టి చప్పుడు. పరీక్షలో ఆహత నాదం, అనాహత నాదం అని అడుగుతారు. కొట్టడం, మీటడం, ఊదడం వంటి ప్రయత్నంతో పుట్టేది ఆహతం. ఏ ప్రయత్నమూ లేకుండా యోగులు లోపల వింటారని చెప్పేది అనాహతం. మనకు పని ఆహతంతోనే.

శ్రుతి

పాఠం మొత్తంలో ముఖ్యమైన భాగం ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుందాం.

పాట అంతా పైకీ కిందికీ తిరుగుతుంది గదా, తిరిగి తిరిగి వచ్చి నిలబడే చోటు ఒకటి ఉంటుంది. ఆ నిలబడే చోటే ఆధార షడ్జం. వాడుకలో దాన్నే శ్రుతి అంటాం. అది సా. తంబూరా, శ్రుతి బాక్సు, ఇప్పుడైతే ఫోనులో తంబూరా యాప్, ఇవన్నీ చేసేది ఒక్కటే పని: పాటగాడు ఎక్కడికి పోయినా "ఇల్లు ఇక్కడుంది" అని గుర్తు చేస్తూ ఉండడం. శ్రుతిని తల్లి అనీ లయను తండ్రి అనీ పెద్దలు ఊరికే అనలేదు.

ఇక ఆ పెద్దాయన ప్రశ్నకు జవాబు. హార్మోనియం ముందు కూర్చోండి. నల్ల మెట్లు రెండు ఒక గుంపుగా, మూడు ఒక గుంపుగా ఉంటాయి. రెండు నల్ల మెట్ల గుంపుకు సరిగ్గా ఎడమ పక్కనున్న తెల్ల మెట్టు ‘ఒకటి’. అక్కడి నుంచి కుడికి తెల్ల మెట్లను వరుసగా ఏడు దాకా లెక్కపెట్టండి. మధ్యలో నల్ల మెట్లు అరలు. ఒకటికీ రెండుకీ నడుమ ఒకటిన్నర, ఆ తర్వాత రెండున్నర. మూడుకీ నాలుగుకీ మధ్య నల్ల మెట్టు లేదు. తర్వాత నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. ఏడు తర్వాత మళ్ళీ నల్ల మెట్టు లేదు. కాబట్టి మూడున్నర శ్రుతి లేదు, ఏడున్నర శ్రుతి కూడా లేదు. ఏడున్నర అంటే శనే గాని శ్రుతి కాదు.

"ఏం శ్రుతి?" అంటే "నీ సా ను ఏ మెట్టు మీద పెట్టుకుంటావు?" అని అడిగినట్టు. ఎదిగిన మగవాళ్ళలో చాలామంది ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో హాయిగా పాడతారు. ఆడవాళ్ళలో చాలామందికి నాలుగున్నర, ఐదు, ఐదున్నర సరిపోతాయి. గొంతు మారని పిల్లలది కూడా ఇంచుమించు ఆడవాళ్ళ శ్రుతే.

మా కథ తేలేది ఇక్కడే. మగపిల్లలకు సుమారు 12 నుంచి 15 ఏళ్ళ మధ్య గొంతులోని స్వరతంత్రులు పొడవూ మందమూ పెరుగుతాయి. వీణలో లావు తీగ మంద్రంగా పలికినట్టే, మాట్లాడే గొంతు దాదాపు ఒక స్థాయి మేర కిందికి దిగుతుంది. ఆ దిగే నెలల్లో గొంతు అదుపులో ఉండదు, ఒక మాట లావుగా, ఒక మాట కీచుగా వస్తుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల గదిలో ఇది నవ్వులాట. నవ్వేవాడికీ రేపో మాపో అదే జరుగుతుంది. ఆ సమయంలో చేయవలసింది రెండే. గట్టిగా అరిచి పాడకూడదు, పాత శ్రుతిలో పాడకూడదు. సన్నగా, కింది శ్రుతిలో, రోజుకు కొంతసేపు పాడుతూ ఉంటే కొత్త గొంతు కుదురుతుంది. పాడటం మానడం మాత్రం వద్దు.

మీ శ్రుతి కనుక్కోవడానికి మాస్టారు మాకు చెప్పిన ఉపాయం ఇది. హార్మోనియంతో గొంతు కలుపుతూ మెల్లగా కిందికి దిగండి. స్పష్టంగా, ఒత్తిడి లేకుండా పలికే చివరి మెట్టు దగ్గర ఆగండి. దాన్ని కింది ‘ప’ అనుకోండి. అక్కడి నుంచి తెలుపు, నలుపు కలిపి ఐదు మెట్లు పైకి వస్తే అది మీ సా. ఆ సా మీద నిలబడి పైనున్న సా దాకా, వీలైతే ఇంకో రెండు మూడు స్వరాలు పైకి ఇబ్బంది లేకుండా వెళ్ళగలిగితే లెక్క సరిపోయినట్టే. వెళ్ళలేకపోతే అర మెట్టు అటో ఇటో జరపండి. నోటుబుక్కు అట్ట మీద రోల్ నంబరు రాసుకున్నట్టు దాన్ని కూడా రాసుకోండి. ఆరు నెలలకోసారి మళ్ళీ చూసుకోండి.

స్వరం, స్థాయి

షడ్జం, రిషభం, గాంధారం, మధ్యమం, పంచమం, ధైవతం, నిషాదం. వీటినే పొట్టిగా స రి గ మ ప ద ని అంటాం. ఈ ఏడింటి వరుస ఒక స్థాయి. మామూలు గొంతులోది మధ్య స్థాయి, కిందిది మంద్ర స్థాయి, పైది తార స్థాయి. రాతలో మంద్ర స్వరానికి కింద చుక్క, తార స్వరానికి పైన చుక్క పెడతారు.

దీన్ని చెవితో నమ్మడం కన్నా చేత్తో చూడడం మేలు. ఒక పలక చెక్కకు రెండు మేకులు కొట్టి సన్నని ఉక్కు తీగ బిగించండి. మీటి, ఆ నాదాన్ని సా అనుకోండి. సరిగ్గా సగం దగ్గర తీగ కింద పెన్సిలు ముక్క ఆనించి ఒక పక్క మీటితే తార సా వస్తుంది. పెన్సిలును జరిపి తీగలో మూడింట రెండు వంతుల పొడవు మీటితే పంచమం వస్తుంది. ఫిజిక్సు పాఠంలో చెప్పే కంపనాల లెక్క ఇదే. సా సెకనుకు 240 కంపనాలైతే, ప 360, పై సా 480. అందుకే స, ప రెండూ కలిపి మోగితే చెవికి అంత చల్లగా ఉంటుంది.

స, ప లకు ఒక్కటే రూపం. వాటిని అచల స్వరాలు అంటారు. మిగిలిన రి, గ, మ, ద, ని లకు రెండేసి స్థానాలు. మొత్తం పన్నెండు స్వరస్థానాలు, హార్మోనియం మీద ఒక స్థాయిలో ఉండే మెట్లు కూడా పన్నెండే. పుస్తకాల్లో పదహారు పేర్లు కనపడితే కంగారు పడొద్దు. రి, గ, ద, ని లకు మూడేసి పేర్లు పెట్టారు, నాలుగు స్థానాలకు రెండేసి పేర్లున్నాయి. ఒకే మనిషిని ఇంట్లో ఒక పేరుతో, బడిలో ఒక పేరుతో పిలిచినట్టన్నమాట.

ఒకటి శ్రుతిలో మొదటి పాఠం వాయించాలంటే ఈ మెట్లు నొక్కండి: ఒకటో తెల్ల మెట్టు, దాని పక్కనే మొదటి నల్ల మెట్టు, మూడో తెలుపు, నాలుగో తెలుపు, ఐదో తెలుపు, నాలుగో నల్ల మెట్టు అంటే ఐదున్నర, ఏడో తెలుపు, ఆ పైన మళ్ళీ సా. ఇది మాయామాళవగౌళ రాగం. కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్ళంతా సరళీ స్వరాలు ఈ రాగంలోనే మొదలుపెడతారు. ఆ పద్ధతి పెట్టింది పురందరదాసు (1484 - 1564) అని సంప్రదాయం. పైకి పోయే వరుస ఆరోహణ, దిగివచ్చే వరుస అవరోహణ.

రాగం

రాగం అంటే ఏమిటో మాటల్లో చెప్పే ముందు ఒక ఆట ఆడిస్తాం. ఇది మాకు తెలిసిన రోజు ముగ్గురం రాత్రి పదకొండు దాకా హార్మోనియం వదల్లేదు.

తెల్ల మెట్లు ముట్టుకోవద్దు. ఐదు నల్ల మెట్లే వాడండి. నాలుగున్నరను సా అనుకుని అక్కడి నుంచి నల్ల మెట్లు వరుసగా పైకి వాయించండి. అది మోహనం. ఇప్పుడు మెట్లు మార్చకుండా, సా మాత్రం ఐదున్నర మీద పెట్టండి. అది మధ్యమావతి, కచేరీ చివర పాడే రాగం. సా ను ఆరున్నరకు జరపండి, హిందోళం. ఒకటిన్నరకు జరపండి, శుద్ధ సావేరి. రెండున్నర మీద పెడితే శుద్ధ ధన్యాసి. మెట్లు అవే ఐదు. ఎక్కడ నిలబడి చూస్తున్నామో దాన్ని బట్టి రాగం మారిపోయింది. దీన్ని గ్రహభేదం అంటారు. శ్రుతి దగ్గర అంతసేపు ఎందుకు కూర్చోబెట్టామో ఇప్పుడు తెలిసి ఉంటుంది.

అయితే మెట్లు వాయించినంత మాత్రాన రాగం వచ్చినట్టు కాదు. స్వరాన్ని ఊపడం, జార్చడం, ఒకదాని నుంచి ఇంకోదానికి పాకించడం గమకం. రాగానికి ప్రాణం అక్కడుంది. హార్మోనియం మెట్టు ఊగదు. ఈ లోపం చూపించే 1940లో రేడియో వాళ్ళు హార్మోనియంను నిషేధించారు, ఆ నిషేధం మూడు దశాబ్దాల పాటు నడిచింది. రేడియో వద్దన్నా మన సీమలో పౌరాణిక నాటకం వేసే పల్లెలు దాన్ని వదల్లేదు. పద్యం చివర రాగం తీసే నటుడికి తెల్లవార్లూ తోడున్నది ఆ పెట్టే. మా అభిప్రాయం ఏమిటంటే, శ్రుతి చూసుకోవడానికి హార్మోనియం పెట్టుకోండి, గమకం గొంతుతో నేర్చుకోండి.

ఏడు స్వరాలూ ఉండే రాగాల్లో తల్లి రాగాల్లాంటివి 72, వీటిని మేళకర్తలంటారు. శుద్ధ మధ్యమంతో 36, ప్రతి మధ్యమంతో 36. ఈ లెక్క వేంకటమఖి 17వ శతాబ్దంలో రాసిన ‘చతుర్దండిప్రకాశిక’లో ఉంది. రాగం పేరులోనే దాని నంబరు దాచే కటపయాది పద్ధతి తర్వాత వచ్చింది. అది మీకు నచ్చుతుంది. క నుంచి ఝ వరకు 1 నుంచి 9, ట నుంచి ధ వరకు 1 నుంచి 9, ప నుంచి మ వరకు 1 నుంచి 5, య నుంచి హ వరకు 1 నుంచి 8. ఞ, న లకు సున్న. రాగం పేరులో మొదటి రెండక్షరాల అంకెలు తిరగేసి చదవాలి. మాయా... మ 5, య 1. తిరగేస్తే 15. మాయామాళవగౌళ 15వ మేళం. ధీరశంకరాభరణం: ధ 9, ర 2, తిరగేస్తే 29. మేచకల్యాణి మీరే చేసుకోండి.

లయ, తాళం

పాటలో కాలం సమంగా నడవడం లయ. ఆ నడకను చేత్తో లెక్కపెట్టే పద్ధతి తాళం. లయ గుండె కొట్టుకోవడం లాంటిది, మనం లెక్కపెట్టినా పెట్టకపోయినా ఉంటుంది.

మాలో ఒకడి నాయన ఊళ్ళో పలక కొట్టేవాడు. డప్పు, తప్పెట, పలక ఏ పేరుతో పిలిచినా అదే. ఆ సంగతి వాడు హాస్టల్లో చేరిన మొదటి రెండేళ్ళు మాకు కూడా చెప్పలేదు. నాయన చూడటానికి వస్తే గేటు బయటే మాట్లాడి పంపేవాడు. సంగీతం మాస్టారు దగ్గర మొదటి నెలలో వాడికి తాళాలు ఒక్కటీ ఎక్కలేదు. "తిశ్ర గతి" అని బోర్డు మీద రాస్తే బిక్కమొగం వేశాడు. మాస్టారు విసుక్కోకుండా బల్ల మీద దెబ్బకు మూడు మాత్రల చొప్పున "తకిట తకిట తకిట తకిట" అని వేసి చూపించాడు. రెండో ఆవర్తానికే వీడి వేళ్ళు బల్ల మీద వాటంతటవే లేచాయి. కుడిచేతి లావు పుల్ల దెబ్బ, ఎడమచేతి సన్నపుల్ల దెబ్బ, రెండూ వేళ్ళతోనే పలికించాడు. "ఇదేనా సార్? ఇది మా నాయన పీర్ల పండగకు కొట్టే దరువు" అన్నాడు. మాస్టారు పుస్తకం మూసి, "ఇంకోసారి కొట్టు, నేను నేర్చుకుంటా" అన్నాడు. ఆ రోజు వాడి మొహం మేము మరిచిపోలేదు.

పలకను మంట దగ్గర కాచడం మీరంతా చూసే ఉంటారు. వేడికి చర్మంలో తేమ పోయి బిగుసుకుంటుంది, బిగుసుకుంటే నాదం పైకి పోతుంది. సాయంత్రం మంచుకు సడలితే మళ్ళీ కాస్తారు. అది శ్రుతి చేసుకోవడమే. కచేరీలో మృదంగం విద్వాంసుడు అంచు మీద రాయితో తట్టి చేసే పని, పలక కొట్టే మనిషి మంటతో చేస్తాడు. మృదంగానికీ చర్మమే కావాలి. ఆ చర్మాన్ని ఎంచి, సాపు చేసి, మూసే పనివాళ్ళ పేర్లు కచేరీలో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. గాయకుడు టి.ఎం. కృష్ణ తమిళనాడులో మృదంగాలు చేసే కుటుంబాల దగ్గరకు వెళ్ళి, 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే పుస్తకం రాశాడు. ఆ కుటుంబాల్లో ఎక్కువమంది దళిత క్రైస్తవులు.

ఇక తాళం వేయడం. ఆదితాళం ఒక్కటి బాగా వస్తే సగం పని అయినట్టే. కుడి అరచేయి తొడ మీద ఒక దెబ్బ వేసి చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు వరుసగా లెక్కపెట్టండి, నాలుగు అయింది. దీన్ని లఘువు అంటారు. తర్వాత ఒక దెబ్బ, అరచేయి తిప్పి ఒక విసురు. ఇది రెండు, దీని పేరు ద్రుతం. మళ్ళీ ఒక దెబ్బ, ఒక విసురు. మొత్తం ఎనిమిది అక్షరాలు. ఈ ఎనిమిదీ కలిసి ఒక ఆవర్తం. లఘువులో ఎన్ని అక్షరాలున్నాయో అది జాతి: తిశ్రం 3, చతురశ్రం 4, ఖండం 5, మిశ్రం 7, సంకీర్ణం 9. నోటితో అనుకోవడానికి తకిట, తకధిమి, తకతకిట, తకిటతకధిమి, తకధిమితకతకిట. ఏడు తాళాలకు ఐదు జాతులు, మొత్తం 35 తాళాలు. అన్నీ బట్టీ పట్టక్కర్లేదు. ఆది, రూపకం, ఏడక్షరాల మిశ్రచాపు, ఐదక్షరాల ఖండచాపు తెలిస్తే వినే పాటల్లో చాలా వాటికి చెయ్యి వేయగలరు.

మనవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది కాలం దగ్గర. సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడాలి. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. చెయ్యి మాత్రం ఒకే నడకలో ఉండాలి. రెండో కాలం అనగానే చేతిని కూడా ఉరికిస్తారు, అప్పుడది రెండో కాలం కాదు, తొందర. చెక్కభజనలో ఉరకలు వేరే. అక్కడ గురువు కేక వేసి అందరినీ కలిపి ఒక మెట్టు పైకి తీసుకుపోతాడు, ముప్పై మంది అడుగులూ ఒకేసారి మారతాయి. తెలిసి పెంచడం వేరు, తెలియకుండా ఉరకడం వేరు. మా భజన గుంపులో హార్మోనియం వాయించేవాడు (మాలో ఒకడే) ఇప్పటికీ ఉరుకుతాడు, చెప్తే కోపం.

గీతం, స్వరజతి, వర్ణం, కీర్తన, కృతి - ఇవి పాటల రకాలు. నేర్చుకునే వరుస కూడా ఇంచుమించు ఇదే. పల్లవి, అనుపల్లవి, చరణం అనేవి కీర్తనలో భాగాలు. ఇవి పాడుతూ పోతే వాటంతటవే తెలుస్తాయి.

స్వరలిపి

చివరగా రాత. పాటను స్వరాల్లో రాసుకోవడం స్వరలిపి. ‘స’ అంటే ఒక అక్షర కాలం, ‘సా’ అంటే రెండు. కామా పెడితే ముందు స్వరాన్ని ఇంకో అక్షరం లాగాలి, సెమీకోలన్ పెడితే రెండు. ఒక నిలువు గీత తాళంలో భాగం ముగిసిందని, రెండు గీతలు ఆవర్తం ముగిసిందని గుర్తు. ఆదితాళంలో ఏడు స్వరాలు పైకి పోతే ఇట్లా ఉంటుంది:

స రి గ మ | ప ద | ని స ||

చివరి స మీద చుక్క పెట్టుకోండి, అది తార స్థాయి.

ఇంత చిన్న పనికి ఎంత విలువ ఉందో తాళ్ళపాక అన్నమాచార్యుల (1408 - 1503) సంకీర్తనల దగ్గర తెలుస్తుంది. మన ఆళ్ళగడ్డ పక్కనున్న అహోబిలం నరసింహస్వామి మీద కూడా ఆయన పాడాడు. ఆయన వంశం వాళ్ళు వేలాది సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో భద్రం చేశారు. మాటలు దక్కాయి. ప్రతి పాటకూ రాగం పేరు దక్కింది. స్వరాలు మాత్రం చెక్కలేదు. ఆయన ఎట్లా పాడాడో అందువల్ల మనకు తెలియదు. మనం ఇప్పుడు వినే వరుసల్లో ఎక్కువ భాగం 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు కొత్తగా కట్టినవి. దీనికి ఎదురుగా ఇంకో పుస్తకం చూడండి. ముత్తుస్వామి దీక్షితుల కృతులను వాళ్ళ వంశం వాడే అయిన సుబ్బరామ దీక్షితులు గమకాల గుర్తులతో సహా స్వరపరచి 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’గా అచ్చువేయించాడు. అచ్చయింది తమిళనాట ఎట్టయపురంలో, లిపి మాత్రం మన తెలుగు. తెలుగు అక్షరాలు చదవగలిగినవాడు ఎవడైనా ఆ పుస్తకం తెరిచి పాడుకోవచ్చు.

రాగిరేకుల సంగతి చదివినప్పుడు మాకు మా జేజి గుర్తొచ్చింది. ముగ్గురిలో ఒకరి జేజి, కానీ సెలవుల్లో ముగ్గురికీ సద్ద రొట్టె పెట్టింది కాబట్టి మాకందరికీ జేజే. ఆమెకు కలుపు పాటలు చాలా వచ్చు. పదో తరగతి సెలవుల్లో వాటిని ఒక నోటుబుక్కులో రాసుకున్నాం. పుస్తకం ఇప్పటికీ ఉంది, మాటలన్నీ ఉన్నాయి. ఆమె పోయి చాలా కాలమైంది. మొన్న ముగ్గురం కూర్చుని పాడబోతే రెండు పాటలకు తప్ప వరుస గుర్తు రాలేదు. ఆ రెండింటికీ ఇప్పుడు స్వరం రాశాం. మిగతావి వట్టి మాటలు.

మీ ఫోనుల్లో రికార్డు చేయడం మీకు క్షణం పని. సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక్క పాట పట్టుకురండి, జేజిదైనా, అమ్మదైనా, పలక మీద దరువైనా సరే. ముందు అది ఏ శ్రుతిలో ఉందో హార్మోనియం మీద కనిపెట్టండి, తర్వాత తాళం చూడండి, ఆ తర్వాత స్వరాలు రాయండి. మొదట తప్పులొస్తాయి. మాకూ వచ్చాయి, ఒక పాటకు పదహారు సార్లు చెరిపి రాశాం. సంగీతం మీద నిజంగా మనసున్నవాళ్ళకు కర్నూలులో ప్రభుత్వ సంగీత పాఠశాల ఉంది. అక్కడికి పోదలచినవాళ్ళు మమ్మల్ని అడగండి, దరఖాస్తు రాయడంలో సాయం చేస్తాం. డబ్బు లేదని వెనకాడేవాళ్ళు ఘంటసాల గారిని తలుచుకోండి. విజయనగరంలో చదువుకునేటప్పుడు ఆయన జోలె పట్టుకుని ఇంటింటా మధుకరం చేసుకుని అన్నం తిన్నాడు, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నాడు.

ఈ వార్షికోత్సవానికి మేము ముగ్గురం హాస్టల్‌కు ఒక పాత హార్మోనియం ఇస్తున్నాం. తిత్తి కొత్తది వేయించాం. మధ్య స్థాయిలో ఐదున్నర మెట్టు రీడు ఇంకా సరిగా పలకడం లేదు, వచ్చే నెల బాగుచేయిస్తాం. అప్పటి దాకా ఐదున్నర శ్రుతి వాళ్ళు ఐదులో పాడుకోండి. చిన్నపిల్లలు ముందు వాయించండి, పెద్దపిల్లలు వాళ్ళకు చోటివ్వండి. తొమ్మిదో తరగతి వాళ్ళు ఒకటి, ఒకటిన్నర దగ్గర మొదలుపెట్టి చూడండి.